అంకెలు త్రిప్పు మోటారు

(తల్లిదండ్రుల సభలో పాఠశాల యంత్రశాల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరము మన తొమ్మిదవ, పదవ తరగతుల పిల్లలు శనివారము మధ్యాహ్నములందు పాఠశాల యంత్రశాలలో ఒక పని చేసిరి. ఇండక్షన్ మోటారు వేగమును మన ఇచ్ఛానుసారము హెచ్చించుటకును తగ్గించుటకును ఉపకరించు డిజిటల్ నియంత్రకమును తయారుచేయుటయే ఆ పని. ఈ సంగతి ఇండ్లకు చేరిన నాటినుండి మీలో అనేకులు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. పిల్లల చేతికి కరెంటు ఇచ్చుట క్షేమమా అనునది మొదటిది. అంగడిలో కొన్ని వేల రూపాయలకు దొరకు వస్తువును, పరీక్షలకు చదువుకొనవలసిన కాలము వెచ్చించి తయారుచేయనేల అనునది రెండవది. రెండును న్యాయమైన ప్రశ్నలే. వాటికి ఒక్కమాటలో సమాధానము చెప్పి తప్పించుకొనుట మర్యాద కాదు. కావున ఏమి చేసితిమో, ఎట్లు చేసితిమో మొదటినుండి విన్నవించెదము.

మోటారు మన కోయంబత్తూరు వారికి క్రొత్త వస్తువు కాదు. 1937లో ఇచ్చటనే జి.డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును పూనుకొని స్వదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారును వెలువరించిరి. నాయుడుగారి బడిచదువు మిక్కిలి స్వల్పమన్న సంగతి ఈ ఊరిలో ఎరుగనివారు లేరు. ఆ పిదప ఈ పట్టణము పంపులకును మోటార్లకును దేశమంతట పేరు పొందినది. ఇచ్చట కూర్చున్న మీలో కొందరు నూలుమిల్లులలో పనిచేసినవారు. కొందరు ఫౌండ్రీలలో పనిచేయువారు. కొందరు కాలిన మోటార్లకు మరల తీగ చుట్టువారు. అయినను, మోటారు బొమ్మ గీయుమని పిల్లలను అడిగినప్పుడు అధికులు ఒక ఇనుపడబ్బా గీసి, దానికొక తోకవలె వైరు తగిలించి ఊరకుండిరి. లోపల ఏమున్నదో వారికి తెలియదు. తండ్రి వృత్తి కుమారునికి అంత దూరమైపోయినది.

కావున మేము నియంత్రకముతో గాక ఒక పళ్ళెముతో ప్రారంభించితిమి. పలుచని అల్యూమినియపు పళ్ళెమును నీటిపై తేల్చి, దానికి తగులకుండ పైన బలమైన అయస్కాంతమును గిరగిర త్రిప్పినచో, కొంతసేపటికి పళ్ళెము కూడ అదే దిశలో తిరుగసాగును. అల్యూమినియము అయస్కాంతమునకు అంటుకొనదని పిల్లలకు తెలియును. అందుచేతనే వారు ఆశ్చర్యపడిరి. ఇట్టి వింతనే 1824లో ఫ్రాన్సు దేశపు అరాగో రాగిపళ్ళెముతో గమనించెను. కారణమును 1831 పిదప గాని లోకము తెలిసికొనలేదు. కదలుచున్న అయస్కాంతము లోహములో విద్యుత్తును పుట్టించునని ఫారడే చూపెను. ఆ విద్యుత్తు పళ్ళెమునే ఒక అయస్కాంతముగా చేయును. అది తన్ను పుట్టించిన దానిని వెంబడించును.

ఇండక్షన్ మోటారు ఇంతకంటె వేరు కాదు. అయితే అందులో త్రిప్పబడు అయస్కాంతము ఉండదు. స్టేటరు అనబడు కదలని భాగములో మూడు జతల తీగచుట్టలుండును. మూడు ఫేజుల విద్యుత్తు వాటిలో ఒకదాని వెనుక ఒకటిగా ఉబ్బుచు తగ్గుచు ప్రవహించుటచే, ఏ వస్తువూ కదలకుండగనే అయస్కాంత క్షేత్రము సుడివలె తిరుగును. ఈ ఉపాయమును ఇటలీలో ఫెరారిస్, అమెరికాలో టెస్లా వేర్వేరుగా కనుగొని 1888లో లోకమునకు తెలిపిరి. మరుసటి సంవత్సరమే డొబ్రొవొల్స్కీ నేటి మూడు ఫేజుల మోటారు రూపమును తీర్చెను. రోటరు అనబడు తిరుగు భాగములో ఇరువైపుల కడియములచే కలుపబడిన లోహపు కడ్డీలే గాని మరేమియు లేవు. దానికి ఏ వైరును తగిలింపనక్కరలేదు. ఈ మోటారు యొక్క దీర్ఘాయువునకు ఇదియే రహస్యము.

మన కరెంటు క్షణమునకు, అనగా సెకనునకు, 50 ఆవృత్తులు చేయును. నాలుగు ధ్రువములున్న మోటారులో క్షేత్రము నిమిషమునకు 1500 సార్లు తిరుగును. కాని రోటరు నిండు బరువున 1440 చుట్లకు దగ్గరగా మాత్రమే తిరుగును. ఈ 60 చుట్ల తేడాను చూచి మోటారు నాణ్యత తక్కువదేమో అని ఒక బాలిక శంకించెను. కాదు; రోటరు క్షేత్రముతో సమానముగా తిరిగినచో కడ్డీలలో విద్యుత్తు పుట్టదు, త్రిప్పుబలము ఉండదు. వెనుకబడుటచేతనే దానికి బలము కలుగుచున్నది. పిల్లలు దీనికి ‘వెనుకబాటు’ అని తామే పేరు పెట్టుకొనిరి. మాకా పేరు నచ్చినది.

ఇక వేగమును తగ్గించుట ఎట్లు? వోల్టేజి తగ్గించినచో చాలదా అని మీలో ఎవరైనను అడుగవచ్చును. ఇంట ఫ్యాను రెగ్యులేటరు చేయుచున్నది అదే కదా. ఫ్యానునకు అది చెల్లును. వేగము తగ్గినకొలది గాలి అడ్డుబలము బహుశీఘ్రముగా తగ్గును గనుక, బలహీనపడిన మోటారు కూడ మెల్లగా తిరుగగలదు. కాని పిండిమరకు, లేతునకు, మగ్గమునకు అది చెల్లదు. వోల్టేజిని సగము చేసినచో త్రిప్పుబలము నాలుగవ వంతుకు పడిపోవును. క్షేత్రము మాత్రము 1500 చుట్లు తిరుగుచునే యుండును. బరువు మోయలేని రోటరు మరింత వెనుకబడి, కడ్డీలలో అధికమైన విద్యుత్తు పారి, వేడెక్కి, తుదకు ఆగిపోవును. వైండింగు దుకాణములకు వచ్చు కాలిన మోటార్లలో ఎన్నో తక్కువ వోల్టేజికి బలియైనవే.

వేగము మార్చవలెనన్న క్షేత్రపు వేగమునే మార్చవలెను. అనగా పౌనఃపున్యమును మార్చవలెను. 50 ఆవృత్తులకు 1500 చుట్లైనచో 25 ఆవృత్తులకు 750 చుట్లు. అప్పుడు వోల్టేజిని కూడ అదే పాలున తగ్గింపవలెను. 415 వోల్టుల మోటారునకు ఒక్కొక్క ఆవృత్తికి 8.3 వోల్టులు చొప్పున లెక్క. 25 ఆవృత్తులకు 207 వోల్టులు చాలును. తగ్గింపక పూర్తిగా ఇచ్చినచో లోపలి ఇనుము అయస్కాంత శక్తిని ఇముడ్చుకొనలేక, తీగలో వ్యర్థ విద్యుత్తు పారి మోటారు కాలిపోవును. ఈ పాలు తప్పకుండ ఉన్నంతవరకు త్రిప్పుబలము మెల్లని వేగములందును నిలుచును. మిక్కిలి తక్కువ వేగములందు మాత్రము తీగ అడ్డే కొంత వోల్టేజిని మ్రింగివేయును గనుక, లెక్కకంటె కొంచెము ఎక్కువ ఇయ్యవలసి యుండును.

విద్యుత్ సంస్థ పంపు 50 ఆవృత్తులను మనము మార్చజాలము. అందుచే దానిని మొదట బ్యాటరీలో వలె ఒకే దిశలో పారు విద్యుత్తుగా మార్చి, దానిని ముక్కలుగా కోసి మనకు కావలసిన ఆవృత్తులను అల్లుకొనవలెను. ఈ కోత పనికి ఆరు ట్రాన్సిస్టరు స్విచ్చీలు కావలెను. మోటారు యొక్క మూడు తీగలకు రెండేసి. ఒకటి తీగను బ్యాటరీ యొక్క ధన కొసకును, రెండవది ఋణ కొసకును కలుపును. ఈ జతలోని రెండును ఒక్క రెప్పపాటైనను ఏకకాలమున తెరచియుండరాదు. చెరువు నుండి కాలువకు, కాలువ నుండి వాగునకు తూములున్నవనుకొనుడు. ఎగువ తూము మూయకమునుపే దిగువ తూమెత్తినచో నీరు పొలమునకు పోక నేరుగా వాగుపాలగును. ఇచ్చటను అంతే, విద్యుత్తు మోటారులోనికి పోక రెండు స్విచ్చీల గుండ దూసికొనిపోయి వాటిని కాల్చివేయును. కావున ఒకటి మూసిన పిదప రెండవదానిని తెరచుటకు మునుపు క్షణములో పది లక్షల వంతు ఒకటో రెండో విరామము ఇయ్యవలెను. మానవుని చేతికి ఇది సాధ్యము కాదు. మైక్రోకంట్రోలరు అనబడు చిన్న గణకపు ముక్కకు ఇది సులభము.

ఇచ్చట మేము కొంచెము ఎక్కువసేపు నిలిచెదము. ఏలయనగా పిల్లలు మిక్కిలి ఆనందించిన భాగము ఇదియే.

గణకము క్షణమునకు 3600 సార్లు లేచి ఒక చిన్న పని చేయును. అందులో ఒక లెక్కపెట్టె కలదు. దానిలో 0 మొదలు 3599 వరకు అంకెలుండును. వృత్తమునకు 360 డిగ్రీలు గదా. ఒక్కొక్క డిగ్రీని పది భాగములు చేసినచో 3600 భాగములు. గణకము లేచినప్పుడెల్ల ఆ పెట్టెలోని అంకెకు మనము చెప్పిన సంఖ్యను కలుపును. 3600 నిండినచో తీసివేసి మరల మొదటికి వచ్చును. మనము 1 కలుపుమన్నచో క్షణమునకు వృత్తము ఒక్కసారి పూర్తియగును. 25 కలుపుమన్నచో 25 సార్లు, 50 కలుపుమన్నచో 50 సార్లు. కలుపు సంఖ్యయే ఆవృత్తుల సంఖ్య! ఇందులో ఎక్కాలకు మించిన గణితము లేదు. ఐదవ తరగతి పిల్లవాడు కూడ పలకపై వ్రాసి సరిచూడగలడు.

పెట్టెలోని అంకె ఏ కోణమును చూపుచున్నదో, ఆ కోణపు సైను విలువను గణకము పట్టికనుండి తీసికొనును. 360 విలువల ఆ పట్టికను పదవ తరగతి పిల్లలు లెక్కించి తమ చేతివ్రాతతో వ్రాసి, పిదప యంత్రమున నింపిరి. రెండవ ఫేజుకు 1200, మూడవ ఫేజుకు 2400 భాగములు ముందుకు జరిపి అదే పట్టికను చూడవలెను. అనగా 120, 240 డిగ్రీలు. ఆ విలువను ఆవృత్తులకు తగిన పాలున తగ్గించి, దానిని బట్టి ఎగువ స్విచ్చీ ఎంతసేపు తెరచియుండవలెనో గణకము నిర్ణయించును. విలువ సున్న అయినచో ఆ గడువులో సగము సేపు. ధనమైనచో అంతకు మించి, ఋణమైనచో అంతకు తగ్గి. మోటారుకు చేరునవి ముక్కలే అయినను తీగచుట్టలు వాటిని కలిపివేయును. కుమ్మరి సారెను ఉండియుండి కోలతో త్రోసినను అది ఆగి ఆగి తిరుగక సమముగా తిరుగును గదా. చుట్టలలో విద్యుత్ ప్రవాహమునకును అట్టి జడత్వమే కలదు. చెవి పెట్టి విన్నచో మాత్రము సన్నని కూత వినబడును. మిల్లులలో క్రొత్త యంత్రములు వచ్చిన పిదప వినబడుచున్న కూత ఏమిటో ఒక తండ్రి తన కుమారుని నోట ఈ సంవత్సరమే తెలిసికొనెనట.

మోటారు వెనుకకు తిరుగవలెనన్న కలుపుటకు బదులు తీసివేయవలెను. అంతే.

పిల్లలు వెనువెంటనే మోటారును తగిలించి యుండలేదు. ముందు మూడు చిన్న బల్బులను తగిలించి, క్షణమునకు ఒక్క ఆవృత్తితో నడిపిరి. బల్బులు ఒకదాని వెనుక ఒకటి వెలుగుచు తగ్గుచుండగా, కంటికి కనబడని ఆ సుడి కంటికి కనబడినది. చూడవచ్చిన ఆరవ తరగతి పిల్లలకు అదియే మోటారుకంటె ఎక్కువగా నచ్చినది.

ఇక మీ మొదటి ప్రశ్నకు వత్తుము. అంగడిలో దొరకు నియంత్రకములు ఇంటి 230 వోల్టుల విద్యుత్తును తీసికొని లోపల సుమారు 325 వోల్టుల నేరువిద్యుత్తుగా నిలువజేయును. స్విచ్చి ఆపివేసిన పిదపను కొన్ని నిమిషములు ఆ శక్తి కెపాసిటర్లలో నిలిచియుండును. మూత తెరచి తాకినచో ప్రాణాపాయము. అట్టిదానిని బడిపిల్లల చేతికి ఇచ్చుట మాకు సమ్మతము కాదు. ఇతర స్థలములందు ఎవరైనను ఇచ్చినను మేము ఇయ్యము. కావున నియంత్రకమును మోటారుకు తగినట్లు చేయుటకు మారుగా, మోటారునే పిల్లలకు తగినట్లు చేసితిమి. అర హార్సుపవరు మోటారునొకదానిని తీసికొని, ఒక్కొక్క చుట్టపై 240 వోల్టులు పడవలసిన దానిని 30 వోల్టులు పడునట్లు మరల చుట్టించితిమి. లెక్క సులభము: చుట్లు ఎనిమిదవ వంతు, తీగ అడ్డుకోత ఎనిమిది రెట్లు. అంత లావు తీగ గాడిలో వంగి ఇమడదు గనుక, సన్నని తీగలు అనేకము జతచేసి చుట్టవలసి వచ్చినది. ఈ ఉపాయము మాది కాదు. చుట్టిన పనివారు మన పాఠశాల విద్యార్థి తండ్రియే. ఆయన రెండు శనివారములు యంత్రశాలలో కూర్చుండి పిల్లలచే గాడులలో కాగితము పరపించి, తీగ దింపించి, ముడులు కట్టించిరి. పుస్తకము చూచి చెప్పు మాకంటె ఆయన మాటయే పిల్లలు శ్రద్ధగా వినిరని చెప్పుటకు మేము సంకోచింపము.

నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపిన 48 వోల్టులే మా విద్యుదాధారము. పొడిచేతితో తాకినచో అది సామాన్యముగా తెలియనే తెలియదు. అయినను బ్యాటరీ నిరపాయమని మేము బోధింపలేదు. షాకు కొట్టకపోవచ్చును గాని, రెండు కొసలకు అడ్డముగా పడిన పానా ఎర్రగా కాలును. ఉంగరము వ్రేలిని కాల్చును. మోటారు నిండు బరువున 15 ఆంపియర్లు దాటి లాగును. అందుచే ధన కొసనంటియే ఫ్యూజు, చేతికందు చోట ఎర్ర మీట, తిరుగు ఇరుసునకు జల్లెడ తొడుగు. గాజులు, ఉంగరములు తీసివేయవలెను. జడ పైకి ముడివేయవలెను. ఒక్కరుగా ఎవరును పనిచేయరాదు. ఈ నియమములు గోడపై వ్రాసియున్నవి. ఇరువురు ఉపాధ్యాయులు లేనినాడు యంత్రశాల తెరువబడలేదు. ఆడపిల్లలకు ఈ పని ఏల అని ఇరువురు ముగ్గురు తల్లులు సంశయించిరి. జడ ముడివేసికొన్నచో యంత్రమునకు ఆడ, మగ తేడా తెలియదని మాత్రము వారికి మనవి చేసితిమి.

మోటారు తిరిగినది, దానితో పని ముగియలేదు. 40 ఆవృత్తులిచ్చినచో క్షేత్రము 1200 చుట్లు తిరుగును. ఇరుసుపై నిండు బరువు పెట్టగానే వెనుకబాటు 60 చుట్లై వేగము 1140కి దిగును. దానిని మరల 1200కు తెచ్చుటకు యంత్రము తన వేగమును తానే చూచుకొనవలెను. రేకు బిళ్ళ అంచున 60 గంట్లు కోసి ఇరుసునకు బిగించితిమి. ఒకవైపు కంటికి కనబడని వెలుగునిచ్చు చిన్న దీపము, రెండవవైపు దానిని పసిగట్టు కన్ను. నిమిషమునకు 60 క్షణములు, బిళ్ళకు 60 గంట్లు. కావున క్షణమునకు ఎన్ని గంట్లు దాటునో నిమిషమునకు అన్ని చుట్లు. ఈ 60 అను సంఖ్యను సూచించినది తొమ్మిదవ తరగతి విద్యార్థిని.

లోటు కనబడినంతనే గణకము ఆవృత్తులను కొంచెము పెంచవలెను. కాని నేటి లోటును బట్టి మాత్రమే పెంచినచో లోటు ఎన్నటికిని పూర్తిగా తీరదు. లోటు తీరినంతనే పెంపు కూడ పోవును గదా! కావున లోటును ఖాతాలో వ్రాసికొనుచు, పేరుకొన్న మొత్తమును బట్టి కూడ పెంచవలెను. అప్పుడు 42 ఆవృత్తుల వద్ద వేగము సరిగా 1200 చుట్లకు వచ్చి నిలుచును. ఖాతాను మరీ తొందరగా తీర్చబోయినచో వేగము హెచ్చుచు తగ్గుచు ఊగులాడును. ఎంత తొందర తగునో పుస్తకమున వెదకుటకంటె, పిల్లలు రెండు వారములు బరువు పెట్టుచు తీయుచు చూచి తెలిసికొనుటయే మేలని తలచి వారినట్లే విడిచితిమి. అంగడిలో కొన్న పెట్టెలో ఈ రెండు వారములు దొరకవు. మీ రెండవ ప్రశ్నకు మా సమాధానమిదియే.

మరియొక సంగతి. మన పిల్లల ఇంటిమాట తెలుగు. పాఠ్యగ్రంథములు తమిళమునో ఇంగ్లీషునో ఉండును. యంత్రశాల పుస్తకమును మాత్రము తెలుగున వ్రాయవలెనని నియమము పెట్టితిమి. మోటారు, స్విచ్చి, బ్యాటరీ వంటివాటిని మార్చలేదు. ఊరంతయు అనుచున్న మాటలను మార్చుట వ్యర్థము. ‘తీగచుట్ట’ అని వ్రాయబోగా, తాతగారు కాల్చు చుట్ట జ్ఞాపకము వచ్చి నవ్వని పిల్లలు లేరు. అయినను ఆ మాటయే నిలిచినది. ఇంగ్లీషు చదువని ఒక అమ్మమ్మగారు మనుమరాలి పుస్తకము చదివించుకొని విని, వెనుకబాటు లేనిదే బలము లేదన్నమాట నిజమా అని మమ్ము నిలువదీసి అడిగిరి. అట్టి ప్రశ్న పరభాషలో వ్రాసిన పుస్తకము వలన మాకు వచ్చియుండెడిది కాదు.

ఈ విద్య బల్లపై ఆటవస్తువు కాదనుటకు మిల్లులలోని రింగుఫ్రేములే సాక్ష్యము. 1990 దశకము మధ్యనుండి మన రైల్వేలు ప్రవేశపెట్టిన మూడు ఫేజుల విద్యుత్ ఇంజనులు కూడ ఇట్టి స్విచ్చీలతో, ఇట్టి మోటార్లతోనే బండ్లను లాగుచున్నవి. మీలో పంపులున్నవారికి ఒక లెక్క పనికివచ్చును. నీటిని సమతలముపై త్రోయు పంపును నూటికి 80 పాళ్ళ వేగముతో నడిపినచో విద్యుత్తు సుమారు సగమే ఖర్చగును. కాని మన ప్రాంతపు లోతైన బోరుబావులకు ఈ లెక్క అట్లే వర్తింపదు. నీటిని అంత ఎత్తుకు ఎత్తుటకే బలమంతయు పోవును గనుక, వేగము కొంత తగ్గించినంతనే నీరు పైకి రాకపోవచ్చును. కెపాసిటరుతో నడుచు ఒంటి ఫేజు ఇంటిపంపుకు ఇట్టి మూడు ఫేజుల నియంత్రకమును తగిలింపనే రాదు. ఎవరైనను అమ్మవచ్చినప్పుడు ఈ రెండు ముక్కలు అడుగుడు.

వచ్చు సంవత్సరము పాఠశాల నీటితొట్టి పంపుకు వేగ నియంత్రకము పెట్టదలచితిమి. దానిని అంగడిలో కొని, లైసెన్సు గల విద్యుత్ పనివారిచేతనే బిగింపించెదము. పిల్లలు దాని ఎదుట నిలిచి ఆవృత్తులను, వోల్టేజిని, నెలనెలా ఖర్చైన యూనిట్లను పుస్తకమున వ్రాసెదరు. యంత్రశాలలో చేరగోరు పిల్లల తల్లిదండ్రులు జూన్ నెలలో అనుమతి పత్రముపై వ్రాలు చేసి పంపవలెను. ఇంట పాడైన మూడు ఫేజుల మోటార్లున్నచో, చిన్నవైనను సరియే, కాలినవైనను సరియే, దయచేసి ఇనుపకొట్టుకు వేయక మాకు కబురు చేయుడు. ఆరు తీగలు బయటికి తీసియున్న మోటారైనచో మరింత ఉపయోగము. మోయుటకు మా పెద్దపిల్లలు వచ్చెదరు.